మదనపల్లె లెక్క

మదనపల్లె అనగానే ఇవాళ ఎవరికైనా టమాటా మార్కెట్టు గుర్తొస్తుంది. పాత తరం వాళ్ళకైతే థియొసాఫికల్ కాలేజీ, 1919లో అక్కడ కొన్నాళ్ళు బస చేసిన రవీంద్రనాథ్ ఠాగూర్, ఆ ఊళ్ళోనే ఆయన ఇంగ్లీషులోకి తెచ్చిన జనగణమన గుర్తొస్తాయి. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరని ఇంకొందరు చెప్తారు. ఇవేవీ తెలియకుండానే, ప్రపంచంలో ఎక్కడెక్కడో గణాంకశాస్త్రం చదివే విద్యార్థులకు మదనపల్లెతో పరిచయం కలుగుతోంది. వాళ్ళకు ఆ ఊరు ఐదు అంకెలుగా ఎదురవుతుంది. ముప్పై మూడు. ఐదువేల ముప్పై ఆరు. నలభై ఏడు. ఐదువేల ఏడువందల అరవై ఒకటి. పదమూడు.

ఈ అంకెల మీద కాసేపు ఆగుదాం. బి.సి.జి. టీకా వేయించుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది, 5,036 మందికి రాలేదు. టీకా వేయని 5,808 మందిలో 47 మందికి వచ్చింది, 5,761 మందికి రాలేదు. చివరి 13 ఆ చోటు అక్షాంశం. తిరుపతి, చిత్తూరు కూడా ఆ 13వ డిగ్రీ దాటిన కాస్త దూరంలోనే ఉన్నాయి. ఈ అంకెల వరుస మొదట్లో ఒక పేరు, ఒక సంవత్సరం ఉంటాయి: ఫ్రిమోట్ మోలర్, తదితరులు, 1973.

వేర్వేరు చోట్ల జరిగిన అధ్యయనాలను ఒక్కచోట చేర్చి లెక్కకట్టే పద్ధతిని మెటా అనాలిసిస్ అంటారు. ఆ పద్ధతి నేర్పే పాఠాల్లో బి.సి.జి. మీద జరిగిన 13 అధ్యయనాల పట్టిక ఒకటి తరచుగా కనిపిస్తుంది. వోల్ఫ్‌గాంగ్ వీష్ట్‌బావర్ అనే గణాంకవేత్త రాసిన మెటాఫర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులో పెట్టుకున్నవాళ్ళకు ఆ పట్టిక దానితోపాటే అందుబాటులోకి వస్తుంది. అందులో అయిదో వరుస మదనపల్లెది. ఒకప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎవరి ముంజేతికో వేసిన సూది, ఎవరి ఇంటి గడపలోనో రాసుకున్న వివరం ఇవాళ ఏ దేశపు తరగతి గదిలోనో అభ్యాసంగా మారాయి. ఒక వైద్య పరిశోధకుడి పనికి ఇంతకంటే పెద్ద వ్యాప్తి ఏముంటుంది? అయినా పరిశోధకుల ప్రభావాన్ని కొలవడానికి ఇప్పుడు వాడే ఏ కొలతలోనూ ఈ వ్యాప్తి దొరకదు. ఎందుకు దొరకదో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఆ పని ఎలా జరిగిందో చూడాలి.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తు, పొడి గాలి, ఎండ. క్షయకు మందే లేని రోజుల్లో డాక్టర్లు చెప్పగలిగింది మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి. అందుకు తగిన చోటు వెతికి, పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో అక్కడ యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం నెలకొల్పాయి. దానికి మొదటి సూపరింటెండెంటు డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. దక్షిణ దేశం నలుమూలల నుంచీ రోగులు వచ్చేవారు. దేశంలో చాలామంది క్షయ వైద్యులు పని నేర్చుకున్నది కూడా అక్కడే. తర్వాతి తరంలో అదే ఇంటిపేరుతో, పేపర్ల మీద జె. ఫ్రిమోట్ మోలర్ అని సంతకం చేసిన వైద్యుడే మన కథలో ముఖ్యుడు.

శానిటోరియంలో ఉన్న వైద్యుడికి కనిపించేది రోగం ముదిరి, బండెక్కి వచ్చినవాళ్ళు మాత్రమే. పల్లెలో ఎంతమందికి క్షయ ఉంది, ఏ వయసులో అంటుకుంటోంది, అంటుకున్న వాళ్ళలో ఎంతమందికి రోగంగా బయటపడుతోంది, అసలు ఆసుపత్రి ముఖం చూడకుండా పోతున్నవాళ్ళు ఎంతమంది? ఈ ప్రశ్నలకు వార్డులో కూర్చుంటే జవాబు రాదు. 1940ల చివర మన దేశంలో ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. క్షయ పట్టణాల జబ్బు, మిల్లుల జబ్బు అని చాలామంది నమ్మేవారు. ఆరోగ్యవరం వైద్యులు ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. 1950 నుంచి 1955 దాకా మదనపల్లె పట్టణాన్నీ చుట్టుపక్కల పల్లెలనూ ఇంటింటికీ తిరిగి చూశారు.

ఆ తిరగడం ఎంత శ్రమో ఊహించుకోవాలి. మొదట జనాభా లెక్క రాయాలి. ఇంట్లో ఎవరెవరు, ఎంత వయసు. జనన ధ్రువపత్రాలు లేని కాలంలో వయసు రాయడమే ఒక పరిశోధన. తర్వాత ట్యూబర్‌క్యులిన్ పరీక్ష. ముంజేతి చర్మంలోకి చిన్న సూది వేసి, రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ అదే మనిషిని వెతికి పట్టుకుని, వాపును మిల్లీమీటర్లలో కొలవాలి. ఆ మనిషి మూడోనాడు సంతకు పోయుంటే కొలత పోయినట్టే. ఆ పైన ఛాతీకి ఎక్స్‌రే. అనుమానం వస్తే తెమడ తీసుకుని సూక్ష్మదర్శిని కింద చూడాలి, క్షయ క్రిమిని పెంచి చూడాలి. ఆ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఫలితానికి వారాలు పడతాయి. ఇదంతా ఒక్కసారితో అయిపోదు. కొత్తగా ఎవరికి రోగం వచ్చిందో తెలియాలంటే అదే పల్లెకు, అదే గడపకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఈలోగా అమ్మాయి పెళ్ళై అత్తవారింటికి పోతుంది, అబ్బాయి బెంగుళూరులో పనికి చేరతాడు. ఏళ్ళ తరబడి సాగే ఏ అధ్యయనాన్నైనా కుంగదీసేది ఇదే.

ఇంకో విశేషం. ఈ అధ్యయనం మొదలైనప్పుడు మదనపల్లె మద్రాసు రాష్ట్రంలో ఉంది. నడుమ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాష్ట్రం మారినా పరిశోధకుల తిరుగుడు ఆగలేదు.

టీకా సంగతికి వద్దాం. బి.సి.జి.ని ఫ్రాన్సులో ఆల్బర్ట్ కాల్మెట్, కామిల్ గెరాన్ తయారు చేశారు. పశువుల క్షయ క్రిమిని 1908 నుంచి 13 ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ పెంచి, దాని విషాన్ని తగ్గించి, 1921లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చారు. 1930లో జర్మనీలోని ల్యూబెక్ నగరంలో టీకాలో అసలైన క్షయ క్రిమి కలిసిపోయి 70 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. లోపం టీకాది కాదనీ, ప్రయోగశాలలో జరిగిన కల్తీదనీ తేలినా, భయం మాత్రం చాలా కాలం పోలేదు. మన దేశంలో బి.సి.జి. 1948లో వచ్చింది. మద్రాసు గిండీలో టీకా తయారుచేసే ప్రయోగశాల పెట్టారు. దేశంలో మొట్టమొదట టీకా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

అందరూ ఒప్పుకోలేదు. రాజాజీ అంతటివారు 1955లో బి.సి.జి.ని వ్యతిరేకిస్తూ ఏకంగా ఒక చిన్న పుస్తకమే రాశారు. బతికున్న క్రిమిని లక్షలాది పిల్లల ఒంట్లోకి ఎక్కిస్తున్నారు, దీని మంచిచెడ్డలు నిజంగా తేలాయా అన్నది ఆయన ఆందోళన. ఆయన వాదనలో చాలాభాగం శాస్త్రానికి నిలబడలేదు. కానీ తేలిందా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. దానికి జవాబు ఉపన్యాసాలతో రాదు. టీకా వేసినవాళ్ళనూ వేయనివాళ్ళనూ పక్కపక్కన పెట్టి, ఏళ్ళ తరబడి చూడాలి. మద్రాసులో ఈ వాదన పత్రికలకెక్కేనాటికే మదనపల్లె పల్లెల్లో ఆ పని నడుస్తోంది. టీకా వేయదగిన వాళ్ళలో ఒకరు విడిచి ఒకరికి వేశారు. ఇప్పటి పద్ధతిలో చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా పంచడం దీనికంటే మెరుగు. ఒకరు విడిచి ఒకరు అంటే తర్వాత ఎవరి వంతో ముందే తెలుస్తుంది కాబట్టి పక్షపాతానికి చోటుంటుంది. తర్వాతి సమీక్షకులు ఈ లోపాన్ని గుర్తించే మార్కులు వేశారు. అయినా 1950లో, ఒక మిషన్ ఆసుపత్రి, పల్లెల్లో, పది వేల పైచిలుకు మందితో ఈ పోలికకు పూనుకోవడం సాహసమే.

ఫలితాలు ఎక్కడ అచ్చయ్యాయి? అయిదేళ్ళ సామూహిక అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్ 22వ సంపుటంలో వచ్చింది. 61వ పేజీలో మొదలై 170వ పేజీలో ముగుస్తుంది. నూట పది పేజీల పేపరు! ఇవాళ ఏ పత్రికా అంత నిడివి ఒప్పుకోదు. బి.సి.జి. ఫలితాలు అదే బులెటిన్‌లో 1964లో వచ్చాయి, రచయితలు ఫ్రిమోట్ మోలర్, జె. థామస్, ఆర్. పార్థసారథి. ఆ తర్వాత 1973లో అంతర్జాతీయ క్షయ నివారణ సంఘం బులెటిన్‌లో నాలుగో నివేదిక వచ్చింది. దానిమీద ఫ్రిమోట్ మోలర్‌తో పాటు జి.ఎస్. ఆచార్యులు, కె.కె. పిళ్ళై పేర్లున్నాయి. మనం మొదట చదివిన ఐదు అంకెలకు పట్టికలో చూపేది ఈ నాలుగో నివేదికనే. 1950లో మొదలైన పని ఆఖరి లెక్క 1973కు గానీ చేతికి రాలేదు.

ఆ లెక్క ఏం చెప్పింది? టీకా వేసినవాళ్ళలో వెయ్యికి ఆరున్నర మందికి, వేయనివాళ్ళలో వెయ్యికి ఎనిమిది మందికి క్షయ వచ్చింది. అంటే టీకా నూటికి ఇరవై పాళ్ళు మాత్రమే కాపాడింది. మొత్తం రోగులు 80 మందే కాబట్టి, ఆ ఇరవై పాళ్ళు కూడా యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కావచ్చుననే అనుమానం మిగులుతుంది. టీకా అద్భుతంగా పనిచేసిందని గొప్పగా ప్రకటించే అవకాశం అక్కడ లేదు. ఉన్నదున్నట్టు రాశారు. ఈ నిజాయితీయే ఆ పేపరుకు ప్రాణం.

ఇప్పుడు సైటేషన్ల లెక్క. ఒక పరిశోధకుడి పేపరును ఇంకొకరు తమ పేపరు చివర పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. ఎవరిని ఎందరు పేర్కొన్నారో వరుసగా నమోదు చేస్తే శాస్త్రంలో ఒక ఆలోచన ఏ దారిన పోయిందో తెలుస్తుందని అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించారు. 1964లో ఆయన సంస్థ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది. గార్ఫీల్డ్ కోరుకున్నది పేపర్లు వెతకడానికి ఒక దారి. క్రమంగా అది మనుషుల్ని తూచే తక్కెడ అయింది. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్ ఇండెక్స్ అనే కొలత ఇచ్చారు. ఒకరికి కనీసం ఇరవై సార్లు చొప్పున పేర్కొన్న పేపర్లు ఇరవై ఉంటే వారి హెచ్ ఇండెక్స్ ఇరవై. ఉత్పత్తీ ప్రభావమూ రెండూ ఒక్క అంకెలో! చూడ్డానికి సులువు కాబట్టి ఉద్యోగాలకూ పదోన్నతులకూ నిధులకూ అదే కొలబద్ద అయిపోయింది.

తిరుపతిలో దీని వేడి బాగా తెలుసు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, స్విమ్స్, మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్. ఒక్క ఊళ్ళో ఇన్ని ఉండడం అరుదు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఇయొనిడిస్ బృందం ప్రపంచ శాస్త్రవేత్తల్లో సైటేషన్ల ప్రకారం మొదటి రెండు శాతం మంది జాబితాను విడుదల చేస్తోంది. అది వచ్చిన ప్రతిసారీ జిల్లా పేజీల్లో ఫోటోలతో వార్తలు వస్తాయి. ఆ పేర్లు సంపాదించినవాళ్ళ కష్టం నిజమైనదే, అభినందించాల్సిందే. కానీ ఆ జాబితాను కొలమానంగా పట్టుకుని వెనక్కి తిరిగి ఆరోగ్యవరం వైపు చూస్తే ఫ్రిమోట్ మోలర్ ఎక్కడా పెద్దగా కనబడరు.

ఎందుకంటే ఆయన రాసింది తక్కువ. ఒక్కో పేపరు వెనకా ఏళ్ళ తిరుగుడుంది. పైగా 1960 నాటి నూట పది పేజీల పేపరు సైటేషన్ ఇండెక్స్ పుట్టకముందిది. ఇండెక్స్ వచ్చాక కూడా మొదట్లో ప్రపంచం మొత్తం మీద ఎంపిక చేసిన ఆరేడు వందల పత్రికలనే నమోదు చేసేది. పేరు సంగతి మరీ చిక్కు. డేనిష్ లిపిలో మోలర్ అన్న మాటలో ఒక అచ్చు మీద అడ్డగీత ఉంటుంది. కొందరు గీత వదిలేస్తారు, కొందరు ఫ్రిమోట్‌ను ముందు పేరనుకుని మోలర్‌ను ఇంటిపేరు చేస్తారు, కొందరు రెండింటినీ కలిపేస్తారు. ఒకే మనిషి డేటాబేసులో నలుగురైపోతాడు. మన రాయలసీమ పరిశోధకులకు దీని తిరగేసిన బాధ ఉంది. పి. రెడ్డి, కె. రెడ్డి, ఎం. నాయుడు అనే పేర్లతో పదులమంది ఉంటారు, ఒకరి పేపర్లు ఇంకొకరి ఖాతాలో పడతాయి. ప్రతి పరిశోధకుడికీ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చే ఆర్సిడ్ 2012లో వచ్చాక ఇది కొంత సర్దుకుంది.

ఇవన్నీ చిన్న కారణాలు. పెద్ద కారణం వేరే ఉంది. 1994లో హార్వర్డ్‌లో గ్రాహం కోల్డిట్జ్ బృందం బి.సి.జి. అధ్యయనాలన్నింటినీ కలిపి లెక్కకట్టి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించింది. అన్నీ కలిపితే బి.సి.జి. క్షయను సగటున 51 శాతం అడ్డుకుంటుందని తేలింది. ఆ పేపరు తర్వాత టీకా విధానం మీద ఎవరు రాసినా దాన్నే పేర్కొంటున్నారు. అలా పేర్కొన్నప్పుడల్లా లెక్క కోల్డిట్జ్ ఖాతాలో పడుతుంది. దాని లోపల ఉన్న మదనపల్లెకు ఏమీ పడదు. పెళ్ళిలో చదివింపులు మైకులో చదువుతారు, ఎవరు ఎంత ఇచ్చారో ఊరందరికీ వినిపిస్తుంది; తెల్లవార్లూ పొయ్యి దగ్గర నిలబడి వండినవాళ్ళ పేరు ఆ మైకులోకి రాదు. సైటేషన్ లెక్క ఒక మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ కింది మెట్టు మీద ఉన్నవాళ్ళ పనిని పైవాళ్ళు ఎంత వాడుకుంటే కిందివాళ్ళు అంత కనుమరుగవుతారు.

ఇక్కడ తెలుగువాళ్ళు మరిచిపోకూడని ఇంకో పేరుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. నీలం రంగు ఎంత ముదురుగా ఉంటే అంత భాస్వరం. అది జీవరసాయన శాస్త్రంలో వేలసార్లు పేర్కొన్న పేపరు. అదే సుబ్బారావు 1929లో ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఏ.టి.పి.ని కనుగొన్నారు, జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నాడు. ఏ.టి.పి. ఇప్పుడు పదో తరగతి పిల్లలకు తెలుసు, ఎవరూ దానికి 1929 నాటి పేపరును పేర్కొనరు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం నుంచి వచ్చిన ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర, రక్త క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ మనుషుల ప్రాణాలు నిలిపాయి. సైటేషన్ల లెక్క చూస్తే మాత్రం రంగుతో కొలిచే పద్ధతే పైన నిలుస్తుంది. ప్రపంచంలో అత్యధికంగా పేర్కొన్న పేపరుగా పేరున్న ఆలివర్ లౌరీ 1951 పేపరు కూడా ప్రోటీన్లను కొలిచే ఒక పద్ధతే. మూడు లక్షలకు పైగా సార్లు పేర్కొన్న ఆ పేపరు తన గొప్ప పని కాదని లౌరీయే అన్నారు. పద్ధతులను అందరూ పేర్కొంటారు, ఎందుకంటే రోజూ వాడతారు. ఫలితాలను జీర్ణించుకుంటారు, పేరు వదిలేస్తారు.

మదనపల్లె ఫలితం జీర్ణమైన తీరు మరీ ఆసక్తికరం. ఆ పదమూడు వరుసల్లో ఒక్కొక్క చోటా బి.సి.జి. ఒక్కో రకంగా పనిచేసింది. కెనడాలోని సస్కాచెవాన్‌లో, 55వ అక్షాంశం దగ్గర, 300 పైచిలుకు మంది చొప్పున ఉన్న రెండు గుంపుల్లో టీకా వేసిన శిశువుల్లో ఆరుగురికి, వేయనివాళ్ళలో 29 మందికి క్షయ వచ్చింది. బ్రిటన్‌లో టీకా మూడొంతులకు పైగా కాపాడింది. మదనపల్లెలో ఇరవై పాళ్ళు. ఇక మన చిత్తూరు జిల్లా పొరుగునే, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన మహా అధ్యయనంలో టీకా వేసిన 88,391 మందిలో 505 మందికి, వేయని 88,391 మందిలో 499 మందికి రోగం వచ్చింది. అంటే పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయకు రక్షణ సున్నా. ఆ ఫలితం 1979లో బయటికి వచ్చినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మదనపల్లె నివేదికలు చదివి ఉన్నవాళ్ళు అంతగా ఉలిక్కిపడి ఉండాల్సిన పని లేదు. ఆ హెచ్చరిక అప్పటికే అచ్చులో ఉంది.

భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ టీకా పట్టు తగ్గడాన్ని 1994 లెక్క స్పష్టంగా చూపించింది. అధ్యయనాల మధ్య ఉన్న తేడాల్లో చాలా భాగాన్ని అక్షాంశం, అధ్యయనపు నాణ్యత కలిసి వివరించగలిగాయి. అక్షాంశం దానంతట అదే ఏమీ చేయదు. వేడి దేశాల్లో మట్టిలో, నీటిలో క్షయ క్రిమికి దాయాదుల్లాంటి క్రిములు ఎక్కువ, అవి చిన్నప్పటి నుంచే ఒంటికి కొంత అలవాటు చేస్తాయి, ఆ మీద టీకా కొత్తగా చేయగలిగింది తక్కువ అనేది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ పట్టిక నుంచి మదనపల్లె, చెంగల్పట్టు వరుసలు తీసేస్తే ఈ ధోరణి బలం తగ్గుతుంది. మన పల్లెలు 13వ డిగ్రీ దగ్గర నిలబడి ఉండబట్టే ప్రపంచానికి ఆ ధోరణి మరింత స్పష్టంగా కనిపించింది.

పిల్లలకు బి.సి.జి. వేయడం మానాలని దీని అర్థం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయను, ఒళ్ళంతా పాకే క్షయను ఈ టీకా బాగా అడ్డుకుంటుంది. అందుకే పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలోనే వేస్తారు. పెద్దయ్యాక ఊపిరితిత్తులకు వచ్చే క్షయ విషయంలోనే దాని బలం తక్కువ, అంటువ్యాధిగా వ్యాపించేది కూడా ఆ రకమే. కాబట్టి దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోవడానికి భుజం మీది టీకా మచ్చ ప్రత్యామ్నాయం కాదు.

మరి పరిశోధకుడి పనిని కొలవడమెలా? కొలవకుండా ఉండడం కుదరదు. ప్రజల డబ్బు ఎక్కడ పెట్టాలో ఎవరో నిర్ణయించాలి, ఊరికే పెద్దల సిఫార్సు మీద నడిచే పద్ధతి కంటే అంకె నయమే. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు శాస్త్రవేత్తలూ సంపాదకులూ కలిసి చేసిన ప్రకటన ఒక దారి చూపింది: పత్రిక ప్రతిష్ఠను బట్టి మనిషికి మార్కులు వేయకండి, పేపరు తెరిచి చదవండి అని. చదవడానికి టైము పడుతుంది, అంకె క్షణంలో దొరుకుతుంది. తిరుపతిలో ఏ ఇంటర్వ్యూ కమిటీ అయినా అభ్యర్థి పేపర్లలో ఒక్కటైనా కూర్చుని చదివి, అది ఎవరి చేతికి చేరింది, ఏ నిర్ణయాన్ని మార్చింది అని అడిగితే, పల్లెల్లో తిరిగి ఏళ్ళకేళ్ళు లెక్కలు రాసే పరిశోధకుడికి చోటు దొరుకుతుంది. ఇప్పుడున్న పద్ధతిలో మూడేళ్ళలో పది పేపర్లు తేలేని పనికి యువ పరిశోధకులు పూనుకోవడం కష్టం. మదనపల్లె అధ్యయనం లాంటిది ఇవాళ ప్రతిపాదిస్తే, ఇరవై మూడేళ్ళు ఓపిక పట్టే నిధి ఎక్కడిది?

ఆ ఓపిక అవసరం ఇంకా తీరలేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం పెద్దవాళ్ళకు బి.సి.జి. వేసి చూసే కార్యక్రమాన్ని పలు రాష్ట్రాల్లో అధ్యయనంగా మొదలుపెట్టింది, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. గతంలో క్షయ వచ్చి తగ్గినవాళ్ళు, రోగితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు, 60 ఏళ్ళు దాటినవాళ్ళు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు, బరువు బాగా తక్కువున్నవాళ్ళు దీనికి అర్హులు. టీకా వేసిన జిల్లాలనూ వేయని జిల్లాలనూ పోల్చి చూస్తారు. మీ ఊరికి ఆశా కార్యకర్త వచ్చి అడిగితే, టీకా తీసుకున్నా తీసుకోకపోయినా మీ వివరం సరిగా రాయించండి, ఊరు మారితే కొత్త చిరునామా చెప్పండి. మళ్ళీ ఎప్పుడు వచ్చి చూస్తారో, దగ్గు పట్టుకుంటే ఎవరికి చెప్పాలో అడిగి తెలుసుకోండి.